చింతచెట్టుకు వెలుగు పట్టిన దొర: కెప్టెన్ లినీయస్ ట్రైప్

1857వ సంవత్సరం డిసెంబరు నెల నడుమ బెంగుళూరు దండు నుండి నాలుగు ఎద్దుబండ్లు బయలుదేరాయి. వాటిలో నింపినది ధాన్యం కాదు, బట్టల మూటలు కావు. మైనం పట్టించిన కాగితాలు, రసాయనాల సీసాలు, గాజు పలకలు, పెద్ద చెక్కపెట్టెల వంటి కెమెరాలు, వాటిని నిలిపే ముక్కాలి దిమ్మలు. ఆ బండ్ల ప్రయాణాన్ని నడిపిస్తున్న అధికారికి అప్పటికి ముప్పైఅయిదేళ్ళ వయస్సు. ఆ సంవత్సరమే ఉత్తరాదిన రగిలిన సిపాయిల తిరుగుబాటు ఇంకా చల్లారలేదు. దక్షిణాదిన మాత్రం మద్రాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడు తన సరంజామాతో రాయకోట కొండను వెదుక్కుంటూ వస్తున్నారు.

ఆయన పేరు కెప్టెన్ లినీయస్ ట్రైప్. కృష్ణగిరి, హోసూరు, వేప్పనపల్లి పరిసరాలన్నీ ఆనాడు సేలం జిల్లాలో భాగాలు. కృష్ణగిరి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 2004లో మాత్రమే. ఆ పర్యటన ఫలితంగా 1858లో మద్రాసులో వెలువడిన తొమ్మిది ఛాయాచిత్ర సంపుటాలలో ఒకటి రాయకోట పేరుతోనూ, సేలం జిల్లాలోని ఇతర స్థలాల పేరుతోనూ ఉన్నది. మదురై, తంజావూరు, శ్రీరంగం వంటి మహాక్షేత్రాల సరసన మన కొండకోటకు చోటు దక్కడం చిన్న విషయమేమీ కాదు. అయినా లండన్, న్యూయార్క్, వాషింగ్టన్ నగరాలలో గౌరవంతో తలచుకునే ఈ పేరు, ఆయన బండ్లు నడిచిన ఊళ్ళలో వినిపించడం అరుదు.

ట్రైప్‌ను అందరూ ఆలయాల ఛాయాచిత్రకారుడిగానే చెబుతారు. అది నిజమే. కానీ ఆయన జీవితాన్ని చెట్ల పక్క నుండి చూస్తే మరొక మనిషి కనిపిస్తాడు. రాతిని చిత్రించడం ఆనాటి కెమెరాకు సులభం. రాయి కదలదు. చెట్టును చిత్రించడమే కష్టం. ఆ కష్టంతో ఆయన పడిన పెనుగులాటలోనే ఆయన ప్రతిభ తెలిసివస్తుంది.

ఇంగ్లండు నైరుతి తీరంలో డెవన్ ప్రాంతానికి చెందిన డెవన్‌పోర్ట్ అనే నౌకాశ్రయ పట్టణంలో 1822 ఏప్రిల్ 14న ట్రైప్ జన్మించారు. పన్నెండుమంది సంతానంలో ఆయన తొమ్మిదవవారు. చెట్టుచేమలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడు లినీయస్ పేరే ఆయనకూ ఉన్నది. బిడ్డలు ఎక్కువైన ఇండ్లలో మగపిల్లలకు ఈస్టిండియా కంపెనీ కొలువే ఆనాటి బ్రతుకుదెరువు. ఆయన కూడా 1838లో కంపెనీ సైన్యంలో చేరి, మరుసటి సంవత్సరం మద్రాసు దేశీయ పదాతిదళం పన్నెండవ పటాలంలో నియమితులయ్యారు. ఆ తర్వాతి పదేళ్ళు అందరు సైనికాధికారుల జీవితం లాంటివే, చెప్పుకోదగినది తక్కువ.

1851లో ఆయన సెలవుపై స్వదేశానికి వెళ్ళారు. ఆ మూడేళ్ళ సెలవే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఛాయాచిత్రణం అప్పటికి పుట్టి పన్నెండేళ్ళు మాత్రమే. వైద్యులు, సైనికులు, పూజారులు, జమీందారులు, తీరిక ఉన్న ప్రతివారూ ఆ విద్యను నేర్చుకుంటున్న కాలమది. ట్రైప్ దానిని అభ్యసించి 1853లో లండన్ ఛాయాచిత్ర సంఘంలో సభ్యులయ్యారు.

ఇక్కడ ఆ విద్య గురించి కొంత చెప్పక తప్పదు. కాగితంపై నెగటివు తయారుచేసి దాని నుండి ఎన్ని ప్రతులైనా తీసే పద్ధతిని ఇంగ్లండులో టాల్బట్ కనిపెట్టారు. ఆయన 1842, 43 ప్రాంతంలో తన ఎస్టేటులోని ఒక ముదుసలి ఓక్ చెట్టును చిత్రించారు. ఓక్ అంటే ఆ దేశంలో మనకు మర్రి, రావి ఎటువంటివో అటువంటి వృక్షం. వందల యేళ్ళు బ్రతుకుతుంది, ఊళ్ళకు ఆనవాలుగా నిలుస్తుంది. టాల్బట్ ఆ చెట్టును చలికాలంలో చిత్రించారు. చలికాలంలో ఓక్ చెట్టుకు ఒక్క ఆకు ఉండదు. కొమ్మలు, రెమ్మలు ఆకాశం మీద నల్లని గీతల్లా నిలుస్తాయి. ఆకు లేదు గనుక అలజడి లేదు. నిమిషాల తరబడి కెమెరా తెరిచి ఉంచినా చిత్రం చెదరలేదు. ఆ ఉపాయం ఆకురాల్చే దేశాలకు చెల్లుతుంది.

1851లో ఫ్రాన్సు దేశపు గుస్తావ్ ల గ్రే మరొక మెట్టు ఎక్కించారు. పలుచని కాగితాన్ని ముందుగా మైనంలో తడిపి ఆరబెట్టి, తర్వాత రసాయనాలు పట్టించే పద్ధతి ఆయనది. వేడి వేడి బజ్జీలు కట్టిన కాగితంలో నూనె పీల్చుకున్నచోట వెలుతురు ఎలా చొచ్చుకొస్తుందో గమనించినవారికి ఈ సూత్రం వెంటనే అర్థమవుతుంది. మైనం పీల్చిన కాగితం గాజుకు దగ్గరగా పారదర్శకమవుతుంది, సన్నని వివరాలను కూడా పట్టుకుంటుంది. అన్నిటికంటె ముఖ్యంగా, దానిని ముందే సిద్ధం చేసుకుని ఆరినదానినే వాడవచ్చు. తడిగా ఉన్నప్పుడే వాడి తీరవలసిన గాజు పలకలతో పోల్చితే ప్రయాణికులకు ఇది పెద్ద వరం.

ఆ ల గ్రే స్వయంగా చిత్రకళ నేర్చినవారు. పారిస్ సమీపంలోని ఫోంటేన్‌బ్లో అడవిలోని ప్రాచీనమైన ఓక్ చెట్లను ఆయన పదేపదే చిత్రించారు. ఒక పక్క బోదె మీద ఎండ, మరొక పక్క కాటుక వంటి నీడ; కొమ్మల సందుల నుండి నేలపై చిందిన వెలుగు. చెట్టును చూపడం కంటె చెట్టు మీది వెలుగును చూపడమే ఆయన ధ్యేయమని ఆ చిత్రాలు చూస్తే బోధపడుతుంది. అదే అడవిలో ముదురు ఓక్ చెట్లను నరకడంపై చిత్రకారులు ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. 1861లో ఆ అడవిలో వెయ్యి హెక్టార్లకు పైబడిన భాగాన్ని కేవలం దాని సౌందర్యం కోసం కాపాడుతూ చక్రవర్తి శాసనం వెలువడింది. కలప కోసం కాక కంటికోసం ఒక అడవిని రక్షించిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

ఇంగ్లండులో నేర్చిన విద్యతో, ఫ్రాన్సు దేశపు మైనపు కాగితపు పద్ధతితో ట్రైప్ 1854లో కెప్టెన్ హోదాలో బెంగుళూరు చేరారు. ఆ డిసెంబరులోనే ఆండ్రూ నీల్ అనే వైద్యునితో కలిసి హళేబీడు, బేలూరు మొదలైన హొయసల క్షేత్రాలకు వెళ్ళారు. అంతకు ముందు ఛాయాచిత్రం ఎరుగని శిల్పాలవి. 1855 ఫిబ్రవరిలో మద్రాసులో జరిగిన పెద్ద వస్తుప్రదర్శనలో ఆయన 68 చిత్రాలను ఉంచగా మొదటి తరగతి పతకం లభించింది. ఔత్సాహికునిగా ఉన్న సైనికుడు ఒక్కసారిగా ప్రభుత్వం కంట పడ్డారు.

ఆ సంవత్సరమే గవర్నర్ జనరల్ డల్హౌసీ బర్మా రాజు మిండాన్ కొలువుకు ఒక రాయబార బృందాన్ని పంపారు. 1852 యుద్ధంలో పెగూ ప్రాంతాన్ని ఇంగ్లీషువారు కలుపుకున్నారు. దానిని రాజుచేత ఒప్పించడం రాయబారపు అసలు ఉద్దేశం. ఆర్థర్ ఫేర్ నాయకుడు, హెన్రీ యూల్ కార్యదర్శి, కోల్స్‌వర్తీ గ్రాంట్ చిత్రకారుడు, ట్రైప్ ఛాయాచిత్రకారుడు. ఓడలు ఐరావతి నదిలో ఎదురీదుతూ పైకి సాగాయి. ఆగస్టు నడుమ యెనాంజాంగ్ అనే ఊరివద్ద ఆగాయి. నేలలో చేతితో బావులు త్రవ్వి రాతినూనె తోడే ఊరది. ఆ నూనెబావుల వివరాలే బృందంలోని అధికారులకు కావలసినవి. ట్రైప్ మాత్రం అక్కడ ఒక చింతచెట్టు ముందు తన ముక్కాలి దిమ్మను నిలిపారు.

ఆ చిత్రానికి ఆయన పెట్టిన పేరు కూడా చింతచెట్టు అనే. గుడి పక్కన కనిపించిన చెట్టు కాదు, దారిలో అడ్డువచ్చిన చెట్టు కాదు, చెట్టే విషయం. బర్మా చిత్రాలలో అధికభాగం పగోడాలు, మఠాలు, రాజభవనాలు కాగా వాటి నడుమ ఈ ఒక్క చెట్టు రాజసంగా నిలిచి ఉన్నది. కృష్ణగిరి సీమలో చింతతోపు లేని ఊరు వెదికినా దొరకదు. చింతకింద పుట్టి పెరిగినవారికి ఆ చిత్రంలో పరాయితనం ఏమాత్రం తోచదు.

చింతచెట్టును చిత్రించడం ఎంత కష్టమో చింతచెట్టు ఎరిగినవారికే తెలుస్తుంది. దాని ఆకు మర్రాకువలె, మామిడాకువలె పెద్దది కాదు. ఈనెకు ఇరువైపులా వరుసగా పేర్చిన చిట్టి రేకులు. ఊరంతా గాలి ఆగినట్లు తోచినప్పుడు కూడా చింతాకు ఎక్కడో ఒకచోట వణుకుతూనే ఉంటుంది. మైనపు కాగితానికి నిమిషాలు కావాలి. ఆ నిమిషాలలో కదిలిన ప్రతి ఆకూ చిత్రంలో పొగమంచుగా మారిపోతుంది. ఓక్ చెట్టు ఆకురాల్చే దాకా టాల్బట్ ఆగగలిగారు. నిండు శ్రావణంలో నిండాకులతో ఉన్న చింత ముందు ఆ ఉపాయం పనికిరాదు. గాలి నిలిచే ఘడియ కోసం కాచుకోవడం తప్ప మార్గం లేదు.

గాలి ఒక్కటే శత్రువైతే బాగుండేది. రెండవ శత్రువు వెలుతురే. ఆనాటి వెండి లవణాలు నీలి, ఊదా రంగుల కాంతిని మాత్రమే గుర్తించేవి. పచ్చని, పసుపుపచ్చని, ఎర్రని కాంతి వాటికి చీకటితో సమానం. ఫలితంగా నీలాకాశం వట్టి తెల్ల కాగితంగా, పచ్చని ఆకుల గుబురు నల్లని మసిముద్దగా పడేవి. మన కంటికి వసంతమైనది ఆ కాగితానికి అమావాస్య. చెట్టు బోదె చుట్టూ నేల బాగా కనిపించేంతసేపు కెమెరా తెరిచి ఉంచితే ఆకాశం మాడిపోతుంది. ఆకాశం కోసం త్వరగా మూస్తే చెట్టు చీకటిలో మునిగిపోతుంది.

ఈ చిక్కుకు ట్రైప్ రెండు విధాల పరిష్కారం వెదికారు. మొదటిది వెలుతురును ఎంచుకోవడం. నడినెత్తి ఎండలో చెట్టు మీద నీడలు కిందికి జారి గుబురంతా ఒకే ముద్ద అవుతుంది. ఏటవాలుగా పడే ఎండలోనైతే ఒక్కొక్క కొమ్మ వేరుపడి, బోదె మీది గరుకుతనం, వేళ్ళ మెలికలు పైకి తేలుతాయి. ఆయన చిత్రాలలో నీడలు పొడవుగా, స్పష్టంగా ఉండి కట్టడానికీ చెట్టుకూ లోతును కల్పిస్తాయి. సైన్యపు సర్వే మనిషికి ఉండే కొలతల కన్నూ, చిత్రకారునికి ఉండే నీడల కన్నూ ఆయనలో ఒక్కచోట చేరాయి.

రెండవది కుంచె. ఇది చాలామందిని ఆశ్చర్యపరిచే సంగతి. నెగటివులో ఏ భాగం నల్లబడితే అచ్చులో ఆ భాగం తెల్లబడుతుంది. ట్రైప్ తన కాగితపు నెగటివు మీద సన్నని కుంచెతో రంగు అద్ది, మసిముద్దగా మిగిలిన ఆకుల గుబుర్లలో వెలుగు చుక్కలను పుట్టించారు. వట్టి ఆకాశాలలో మేఘాలను తేల్చారు. ఎక్కడ అవసరమో అక్కడ మాత్రమే, ఎంత అవసరమో అంత మాత్రమే. మామూలుగా చూసేవారు దానిని పసిగట్టలేరు.

ఉన్నదున్నట్లు చూపడానికే ప్రభుత్వం ఆయనను నియమించింది. చిత్రకారుల చేతిరాతలో కల్పన చొరబడుతుందని, యంత్రం అబద్ధమాడదని నమ్మిన రోజులవి. అటువంటి ఉద్యోగంలో ఉన్న మనిషి మేఘాలను కుంచెతో వేయడం న్యాయమేనా అని అడగవచ్చు. అయితే ఆ చెట్టు మీద ఆ ఉదయం వెలుగు నిజంగా ఉన్నది, ఆకాశంలో మేఘాలూ తిరిగాయి. చూడలేకపోయినది కాగితమే. కాగితానికి లేని చూపును తన కంటితో పూరించిన మనిషిని మోసగాడనడం తగదు. ఈనాడు సెల్‌ఫోను తనంతట తాను రంగులు దిద్ది చూపే చిత్రాల కంటె ఆ కుంచె గీతలలోనే నిజాయితీ ఎక్కువ.

బర్మా నుండి రెండు వందలకు పైగా నెగటివులతో ఆయన బెంగుళూరు తిరిగివచ్చారు. వాటిలో 120 ఎంపిక చేసి, ఒక్కొక్కటి యాభై ప్రతుల చొప్పున అచ్చులు తీయడం మొదలుపెట్టారు. మొత్తం ఆరువేల అచ్చులు. విద్యుద్దీపాలు లేని కాలంలో ప్రతి అచ్చూ ఎండలో నెగటివు కింద కాగితాన్ని ఉంచి తీయవలసినదే. బంగారు లవణంతో రంగు తేల్చి, కడిగి, ఆరబెట్టి, అట్టమీద అతికించాలి. ఒక మబ్బు పట్టిన రోజు వస్తే పని ఆగిపోయేది. ఆ పనిలో చేయి కలిపిన స్థానిక సహాయకుల పేర్లు దాదాపుగా చరిత్రకెక్కలేదు. నీళ్ళు మోసినవారు, ఎండలో చట్రాలు తిప్పినవారు, రాయకోటకు బండ్లు తోలినవారు ఏ ఊరివారో, ఏ భాష మాట్లాడినవారో, ఆ సంపుటాలలో ఒక్క పంక్తి అయినా లేదు.

ఆ బర్మా చిత్రాలకు మరొక విలువ తర్వాత చేరింది. ట్రైప్ చిత్రించిన రాజధాని అమరపురాన్ని మిండాన్ రాజు కొద్ది సంవత్సరాలలోనే విడిచి మాండలేకు తరలిపోయాడు. భవనాలలోని టేకు దుంగలు సైతం ఊడదీసి తీసుకుపోయారు. పోయిన నగరానికి ఆ కాగితాలే సాక్ష్యమయ్యాయి. తర్వాతి దశాబ్దాలలో తెలుగువారు వేలాదిగా బ్రతుకుతెరువు కోసం రంగూన్ చేరారు గాని, వారెవరూ ఆ అమరపురాన్ని చూడలేదు.

మద్రాసు ప్రభుత్వం ఆయనను అధికారిక ఛాయాచిత్రకారునిగా నియమించిన తర్వాతిదే రాయకోట ప్రయాణం. రాయకోట ఎందుకు? 1791లో మైసూరు యుద్ధంలో మేజర్ గౌడీ సేన టిప్పు సుల్తాను వారి నుండి గెలుచుకున్న కోట అది. మరుసటి సంవత్సరపు శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ అంతా కంపెనీ వశమైంది. మైసూరు పీఠభూమి నుండి దిగే కనుమ దారికి అది కాపలా. గెలిచినవారు తాము గెలిచిన చోట్లను చిత్రించి దాచుకోవడం లోకసహజం. ఈ సంపుటాలకు వెనుక ఉన్న ఆ రాజకీయాన్ని మరువరాదు. అయినప్పటికీ పాలకుని ఉద్దేశం ఒకటి, పనివాని కన్ను మరొకటి. ఆజ్ఞాపత్రంలో కోట అని ఉంటే కెమెరాలో కోటతో పాటు గుండ్లు, పొదలు, నేల, వెలుతురు కూడా వచ్చి చేరాయి.

మార్గశిర, పుష్య మాసాలలో ఈ సీమ ఉదయాలు ఎలా ఉంటాయో వేప్పనపల్లి, సూలగిరి, హోసూరు వారికి వివరించనక్కరలేదు. మంచు విడిచేదాకా కొండ కనిపించదు. విడిచిన తర్వాత కొద్దిసేపు గాలి ఉండదు, ఎండ ఏటవాలుగా పడుతుంది, గుండ్ల మీద వెలుగూ నీడా కత్తితో కోసినట్లు వేరుపడతాయి. పొద్దెక్కితే కొండగాలి లేస్తుంది. మైనపు కాగితం ఈ చలిలో చెడకుండా నిలుస్తుంది. మదురై చేరేసరికి వేడికి అది త్వరగా పాడవుతుంది. పర్యటనను డిసెంబరులో, ఎత్తైన నేల మీద మొదలుపెట్టడంలో ఆయన అనుభవం కనిపిస్తుంది.

రాయకోట, సేలం ప్రాంతాల తర్వాత తిరుచిరాపల్లి, శ్రీరంగం, పుదుక్కోట, మదురై, తంజావూరు. నాలుగున్నర నెలల ప్రయాణం. 1858 ఏప్రిల్ చివరికి మద్రాసు చేరారు. తంజావూరు బృహదీశ్వరాలయపు పీఠం చుట్టూ ఉన్న శాసనాన్ని ఇరవైయొక్క చిత్రాలుగా తీసి, అతుకు తెలియకుండా కలిపి, దాదాపు పందొమ్మిది అడుగుల పొడవైన ఒకే చుట్టగా చేశారు. ఆనాటికి అటువంటి సాహసం ఎవరూ తలపెట్టలేదు. శాసన పరిశోధకులకు అది అమూల్యమైనది.

మద్రాసులో ఆయన తెలుగువారికి చేసిన ఉపకారం ఒకటి ఉన్నది. కృష్ణాతీరంలోని అమరావతి స్తూపపు శిల్పాలు అప్పటికి మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. వాటిని త్రవ్వి తెచ్చిన వాల్టర్ ఇలియట్ పేరిట ఇలియట్ పాలరాళ్ళని పిలిచేవారు. 1858లో ట్రైప్ వాటిని వరుసగా చిత్రించారు. తర్వాత చాలా శిల్పాలు లండన్ తరలిపోయాయి. తరలిపోకముందు అవి ఎలా ఉన్నవో తెలిపే తొలి ఛాయాచిత్రాలు ఆయనవే.

ఇంత పని రెండేళ్ళలో చేసిన మనిషికి లభించిన ప్రతిఫలం చిత్రమైనది. తిరుగుబాటు అణచివేతకు అయిన ఖర్చుతో ఖజానాలు బోసిపోయాయి. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్ పొదుపులో పేరుపొందినవారు. ప్రభుత్వానికి ఛాయాచిత్రణం మోయరాని విలాసమని ఆయన తీర్మానించారు. ఆ సంవత్సరమే ట్రైప్ కార్యాలయాన్ని మూసివేయవలసిందిగా ఆజ్ఞ వెలువడింది. చేతిలో ఉన్న పనిని ముగించి, సామగ్రిని అప్పగించి, ఆయన తన పటాలానికి తిరిగివెళ్ళారు. కరవుకాలంలో ఖర్చు తగ్గించిన గవర్నరును పూర్తిగా తప్పుపట్టలేము. కాని ఆ లెక్కలో మిగిలిన రూపాయలు ఎంతో, పోయినది ఎంతో బేరీజు వేస్తే, అది మంచి బేరమని చెప్పడం కష్టం. మద్రాసు రాజధానిలో ఉత్తరాన గంజాం నుండి దక్షిణాన తిరునెల్వేలి దాకా ఉన్న కోటలనూ కోనలనూ ఆయన చిత్రించవలసి ఉండెను. గండికోట, ఉదయగిరి, పెనుకొండ, చంద్రగిరి ఆ కాలంలో ఏ వెలుగులో నిలిచి ఉండేవో చూపే ట్రైప్ సంపుటాలు మనకు లేకుండా పోయాయి.

అప్పటికి ఆయనకు ముప్పైఏడేళ్ళు. ఆ తర్వాత బ్రతికిన నలభై మూడేళ్ళలో ఆయన దాదాపుగా కెమెరాను ముట్టలేదు. 1870 ప్రాంతంలో బర్మాలోని టౌంగూలో ఉండగా తీసిన కొద్ది చిత్రాలు తప్ప మరేమీ లేవు. పదోన్నతులు యథావిధిగా వచ్చాయి. గౌరవ మేజర్ జనరల్ హోదాతో విరమించి పుట్టిన ఊరు డెవన్‌పోర్ట్ చేరారు. మౌనానికి కారణం అవమానమా, అలసటా, కాగితం పోయి గాజు వచ్చిన మార్పుకు ఇష్టపడకపోవడమా, ఆయన చెప్పలేదు.

ఆయన సైనికవృత్తి ముగింపుకు వస్తున్న 1873లో బెర్లిన్ నగరంలో హెర్మన్ ఫోగెల్ అనే ఆచార్యుడు వెండి లవణానికి ఒక రంగును చేర్చి చూశారు. అంతవరకు గ్రుడ్డిదైన ఆ లవణం పచ్చదనాన్ని చూడనారంభించింది. చెట్టు చిత్రంలో చెట్టుగా కనిపించడానికి ఇక కుంచె అవసరం తగ్గిపోయింది. 1900లో అమెరికాలో ఒక్క డాలరుకు పిల్లలు సైతం వాడగల బ్రౌనీ పెట్టె కెమెరా అంగళ్ళకు వచ్చింది. మీట నొక్కితే క్షణంలో చిత్రం. ఎద్దుబండ్లు, మైనం, గాలి నిలిచే ఘడియ కోసం కాచుకోవడం, అన్నీ పాతకథలైపోయాయి. ఆ తర్వాత రెండేళ్ళకు, 1902 మార్చి 2న, ట్రైప్ డెవన్‌పోర్ట్‌లో కన్నుమూశారు.

సంపుటాలు లండన్‌లోని బ్రిటిష్ గ్రంథాలయంలోనూ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ భద్రంగా మిగిలాయి. 2014, 2015 సంవత్సరాలలో వాషింగ్టన్, న్యూయార్క్, లండన్ నగరాలలో ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన జరిగింది. రాయకోట కొండ ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. బెంగుళూరు నుండి సేలం వెళ్ళే రైలు ఆ ఊరి మీదుగానే సాగుతుంది. దారుల వెంట ఆనాడు బండ్లకు నీడనిచ్చిన చింతలలో, మర్రులలో ఎన్నో రోడ్లు వెడల్పయిన ప్రతిసారీ నేలకొరిగాయి. వాటి బోదెల మీద ఏటవాలు ఎండ ఎలా పడేదో చూపే చిత్రం ఏ ఇంటిలోనూ లేదు. ఐరావతి ఒడ్డున యెనాంజాంగ్‌లో 1855 ఆగస్టులో ఒక చింతచెట్టు మీద పడిన వెలుగు మాత్రం కాగితం మీద అలాగే ఉన్నది.